వెనక డ్రమ్ము బ్రేకు తీసి డిస్క్ బ్రేకు వేస్తే ఏం మారుతుంది?

పాత కారు వెనక చక్రం విప్పి, తుప్పుకి అతుక్కుపోయిన డ్రమ్మును చుట్టూ మెల్లగా తట్టుకుంటూ ఊడదీసి చూడండి. లోపలి అంచు దగ్గర గోటికి తగిలేంత గట్టు కనిపిస్తుంది. షూలు రాసుకున్న మేర గోడ అరిగిపోయి, రాసుకోని చోట మిగిలిన అంచు అది. వీల్ సిలిండర్ రబ్బరు తొడుగును వేలితో కాస్త పైకెత్తితే లోపల తడి తగులుతుంది. స్ప్రింగులు, లీవర్లు, అడ్జస్టరు అన్నీ నల్లటి పొడిలో కూరుకుపోయి ఉంటాయి. (ఆ పొడిని ఎయిర్ కొట్టి ఊదకండి. చాలా పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవడమే మంచిది.) ఇదంతా చూశాక ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటే. ఈ తలనొప్పంతా పీకేసి వెనక కూడా డిస్కులు వేయించేస్తే పోదా?

వేయించవచ్చు. సరిగ్గా చేస్తే కారు బ్రేకింగ్ బాగుపడుతుంది కూడా. కానీ ఈ పనిని చాలామంది డ్రమ్ము స్థానంలో డిస్క్ బిగించడంగా మాత్రమే చూస్తారు. అసలు మారేది ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్య కారు తయారీదారు లెక్కగట్టి పెట్టిన పంపకం. ఆ పంపకాన్ని మళ్లీ కుదర్చకుండా వదిలేస్తే, కొత్త డిస్కులున్న కారు పాత డ్రమ్ములున్న కారు కంటే ప్రమాదకరంగా తయారవుతుంది. నాకు ఈ విషయంలో ఇంత పట్టుదల ఎందుకంటే, ఈ తప్పు మామూలు డ్రైవింగ్‌లో బయటపడదు. వాన పడిన రోడ్డు మీద, ఎదురుగా ఎవరో అడ్డం వచ్చిన క్షణాన బయటపడుతుంది.

డ్రమ్ము తనంతట తానే ఎలా బిగుసుకుంటుంది

డ్రమ్ము లోపల నెలవంక ఆకారంలో రెండు షూలు ఉంటాయి. పెడల్ తొక్కితే వాటి మధ్యనున్న వీల్ సిలిండర్ రెండింటినీ బయటికి నెట్టి, తిరుగుతున్న డ్రమ్ము గోడకు ఆనిస్తుంది. చక్రం తిరిగే దిశకు ఎదురొడ్డి నిలిచే షూను డ్రమ్ము తన తిరుగుడుతోనే మరింత తనవైపు లాక్కుంటుంది. తలుపు కింద ఏటవాలు చెక్కముక్క ఇరికిస్తే, తలుపు నెట్టేకొద్దీ ఆ ముక్క ఇంకా బిగుసుకుంటుంది చూడండి, అదే పద్ధతి. రెండో షూను మాత్రం డ్రమ్ము వెనక్కి నెట్టేస్తుంది కాబట్టి అది తక్కువ పని చేస్తుంది. అయినా మొత్తం మీద లాభమే.

డిస్క్‌కి ఈ సాయం లేదు. రెండు ప్యాడ్లు అటూ ఇటూ నుంచి పలకను నొక్కి పట్టుకుంటాయి, అంతే. ఎంత నొక్కితే అంతే పట్టు. ఇంజినీర్లు దీన్ని బ్రేక్ ఫ్యాక్టర్ అనే అంకెతో చెబుతారు. పిస్టన్ నెట్టిన బలానికి, చక్రాన్ని ఆపే రాపిడి బలం ఎన్ని రెట్లు వస్తుందన్నది ఆ అంకె. ప్యాడ్ రాపిడి గుణకం 0.4 అనుకుంటే రెండు వైపులా కలిపి డిస్క్‌కి వచ్చేది 0.8. మామూలు కార్ల వెనక ఉండే డ్రమ్ముకి అదే అంకె 2 నుంచి 2.5 దాకా ఉంటుంది. పాత పెద్ద కార్లలో వచ్చిన డ్యుయో సర్వో రకం డ్రమ్ముల్లో ఒక షూ రెండోదాన్ని కూడా నెడుతుంది కాబట్టి అది 4, 5 దాకా పోతుంది.

అంటే ఒకే బలంతో నెడితే డిస్క్ కంటే డ్రమ్మే ఎక్కువ పట్టుకుంటుంది! డిస్క్ బ్రేకంటేనే బలమైన బ్రేకు అనుకునేవాళ్లకు ఇది మింగుడుపడదు. కానీ ప్యాడ్లను డిస్క్‌కి నొక్కే కాలిపర్‌లో పిస్టన్ అంత లావుగా ఉండటానికి కారణం ఇదే. కోల్పోయిన సాయాన్ని పిస్టన్ వైశాల్యంతో పూడ్చుకోవాలి.

మరి డిస్క్ గొప్పతనం ఎక్కడుంది? నిలకడలో ఉంది. వేడెక్కి రాపిడి పదో వంతు తగ్గితే డిస్క్ పట్టు కూడా పదో వంతే తగ్గుతుంది. డ్రమ్ములో అలా కాదు. రాపిడి తగ్గితే దాన్ని లాక్కునే బలమూ తగ్గుతుంది కాబట్టి పట్టు అంతకంటే ఎక్కువగా పడిపోతుంది. పైగా వేడికి డ్రమ్ము వ్యాకోచించి షూలకు దూరం జరుగుతుంది, పెడల్ కిందికి దిగుతుంది. డిస్క్ వేడెక్కితే మందం పెరిగి ప్యాడ్లకు దగ్గరవుతుంది. నీళ్లలోంచి వెళ్లినప్పుడు డ్రమ్ము లోపల తడి కాసేపు నిలిచిపోతుంది. డిస్క్ మీది నీటిని తిరుగుడే విసిరికొడుతుంది, మిగిలింది ప్యాడ్ తుడిచేస్తుంది. కుడి ఎడమల మధ్య తేడా కూడా డ్రమ్ముల్లోనే ఎక్కువ. ఒక పక్క కాస్త తేమ చేరినా కారు ఒకవైపు లాగుతుంది.

బరువంతా ముందుకు పోతుంది

డిస్క్ బ్రేకు ఆలోచన కొత్తదేం కాదు. బ్రిటిష్ ఇంజినీర్ ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లోనే పేటెంట్ తీసుకున్నారు. 1953లో లే మాన్ 24 గంటల రేసును డన్‌లప్ డిస్కులున్న జాగ్వార్ సీ-టైప్ గెలిచాక లోకం దృష్టి వాటి మీద పడింది. 1955లో వచ్చిన సిట్రోయెన్ డీఎస్ ముందు చక్రాలకు డిస్కులు పెట్టింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు ముందు డిస్క్, వెనక డ్రమ్ము అన్నదే మామూలు కార్ల పద్ధతి అయింది. ఖర్చు తగ్గించుకోవడానికే ఇలా చేశారని అంటుంటారు. ఖర్చు ఒక కారణమే, కానీ దాని వెనక భౌతిక శాస్త్రం కూడా ఉంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. కారు బరువు 1200 కిలోలు. నిలబడి ఉన్నప్పుడు ముందు చక్రాల మీద 720, వెనక చక్రాల మీద 480 కిలోలు. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, గురుత్వ కేంద్రం ఎత్తు 0.55 మీటర్లు. డ్రైవరు గట్టిగా, అంటే 0.8 జీ (గురుత్వ త్వరణంలో 0.8 వంతు) వేగక్షయంతో బ్రేకు తొక్కాడు. అప్పుడు వెనక నుంచి ముందుకు మళ్లే భారం 1200ను 0.8తో, 0.55తో గుణించి 2.5తో భాగిస్తే వస్తుంది, అంటే సుమారు 211 కిలోలు. ముందు 931 అయింది. వెనక మిగిలింది 269 కిలోలే, మొత్తంలో 22 శాతం. అదే మెల్లగా 0.3 జీతో ఆపితే వెనక ఇంకా 400 కిలోలు, అంటే మూడో వంతు ఉంటుంది.

ఇందులో రెండు సంగతులున్నాయి. గట్టి బ్రేకింగ్‌లో వెనక చక్రాలు చేయగలిగిన పనే తక్కువ, కాబట్టి అక్కడ ఎంత గొప్ప బ్రేకు పెట్టినా టైరు మోయగలిగినంత వరకే ప్రయోజనం. రెండోది ఇంకా ముఖ్యం. వెనక బ్రేకుకు ఎంత వాటా ఇవ్వాలన్నది మనం ఎంత గట్టిగా తొక్కామన్న దాన్ని బట్టి మారుతూ పోతుంది. మెల్లగా తొక్కినప్పుడు సరిపోయిన వాటా గట్టిగా తొక్కినప్పుడు ఎక్కువైపోతుంది.

ఎక్కువైతే ఏమవుతుంది? వెనక చక్రాలు ముందుగా లాక్ అవుతాయి, అంటే తిరగడం ఆగిపోయి రోడ్డు మీద జారతాయి. ముందు చక్రాలు లాక్ అయితే స్టీరింగ్ పనిచేయదు గానీ కారు తిన్నగా జారుతుంది, కాలు కాస్త సడలిస్తే మళ్లీ అదుపులోకి వస్తుంది. లాక్ అయిన వెనక టైరుకు మాత్రం పక్కకు జారకుండా ఆపే పట్టు దాదాపు మిగలదు. ఆ క్షణంలో చిన్న వంపు ఉన్నా, ఒక పక్క ఇసుక ఉన్నా, కారు వెనక భాగం ముందుకు రావాలని చూస్తుంది, కారు గిర్రున తిరుగుతుంది. మామూలు డ్రైవరు దాన్ని సరిదిద్దే లోపే అయిపోతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో చాలా దేశాలు పాటించే 13-హెచ్ నిబంధన ప్యాసింజర్ కార్ల విషయంలో ఈ వరస గురించే పట్టుబడుతుంది. ఏబీఎస్ (చక్రాలు లాక్ కాకుండా చూసే ఏర్పాటు) లేని కారులో గట్టిగా తొక్కితే ముందు చక్రాలే మొదట లాక్ కావాలి. మార్పిడి మొత్తంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

కారు ఆగే దూరం తగ్గుతుందా అని అందరూ అడుగుతారు. మీ పాత బ్రేకులు మంచి స్థితిలో ఉండి, నాలుగు టైర్లనూ లాక్ చేయగలిగే శక్తి వాటికి ఉంటే, ఒక్కసారి ఆపడంలో వెనక డిస్కుల వల్ల తేడా దాదాపు ఉండదు. అక్కడ తేల్చేది టైర్లే. గట్టిపడిపోయిన ఆరేడేళ్ల టైర్లు వాడుతూ వెనక డిస్కుల గురించి ఆలోచించడం అనవసరం, మొదట టైర్లు మార్చండి.

తేడా కనిపించేది మళ్లీ మళ్లీ బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడు. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న 1200 కిలోల కారును పూర్తిగా ఆపితే సుమారు 463 కిలోజౌళ్ల శక్తి వేడిగా మారుతుంది. అందులో వెనక బ్రేకుల వాటా పావు వంతు అనుకున్నా, ఒక్కసారికి వెనక డ్రమ్ములు పెద్దగా వేడెక్కవు. కానీ అదే కారు 500 మీటర్ల ఎత్తున్న ఘాట్ రోడ్డు దిగేసరికి సుమారు 5900 కిలోజౌళ్లు వదిలించుకోవాలి. ఇంజిన్ బ్రేకింగ్ వాడకుండా దిగితే, గాలి ఆపే కొంత భాగం పోను మిగిలినదంతా బ్రేకుల మీదే పడుతుంది. 100 వేగం నుంచి పన్నెండు, పదమూడు సార్లు ఆపినంత పని అది. అప్పుడు మూసి ఉన్న డ్రమ్ములోంచి వేడి సులువుగా బయటికి పోదు, గాలి తగిలే డిస్కులోంచి పోతుంది. కొండ దారుల్లో తిరిగేవాళ్లకు, బరువు లాగేవాళ్లకు, ట్రాక్ మీద నడిపేవాళ్లకు మార్పిడి నిజంగా అర్థవంతమైనది ఈ కారణంగానే.

ఆయిల్ లెక్కలు

మార్పిడిలో కళ్లకు కనిపించే భాగం కాలిపర్, డిస్క్, బ్రాకెట్టు. పాడయ్యేది మాత్రం ఎక్కువగా కనిపించని భాగంలో, బ్రేక్ ఆయిల్ పైపుల్లో, వాల్వుల్లో.

పిస్టన్ సైజు సంగతి చూద్దాం. వెనక వీల్ సిలిండర్ 19 మి.మీ. వ్యాసం ఉందనుకుందాం. వైశాల్యం 283 చదరపు మి.మీ. డ్రమ్ము వ్యాసార్ధం 100 మి.మీ., బ్రేక్ ఫ్యాక్టర్ 2.3. మూడూ గుణిస్తే సుమారు 65,000 వస్తుంది. ఈ అంకె పోల్చుకోవడానికి మాత్రమే. దాని స్థానంలో 36 మి.మీ. పిస్టన్ ఉన్న కాలిపర్ పెడుతున్నారు. వైశాల్యం 1018, డిస్క్ మీద ప్యాడ్ పట్టే సగటు వ్యాసార్ధం కూడా 100 మి.మీ. అనుకుంటే, 0.8తో గుణించాక 81,000కు పైన వస్తుంది. ఒకే ఒత్తిడికి వెనక బ్రేకు బలం పావు వంతు పెరిగిపోయింది! తయారీదారు పెట్టిన పంపకం అక్కడే చెడింది. అదే 32 మి.మీ. పిస్టన్ అయితే 64,000 వస్తుంది, పాత డ్రమ్ముకు దాదాపు సమానం. మనం వేగంగా ఆపాలన్న తాపత్రయంతో పెద్ద కాలిపర్ వైపు చూస్తాం గానీ, వెనకకు కావాల్సింది సరైన కాలిపర్, చాలాసార్లు చిన్నదే. ఏ కిట్టు కొన్నా ఈ అంకెలు అడిగి తీసుకుని కాగితం మీద లెక్క వేసుకోండి. చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

ఇక రెసిడ్యువల్ వాల్వు. దీని గురించి తెలియక ఇబ్బంది పడిన ఒక కారును దగ్గర్నుంచి చూశాను. మిత్రుడొకడు వెనక డిస్కులు వేయించుకున్న వారానికే మైలేజీ పడిపోయిందని, వెనక నుంచి కాలిన వాసన వస్తోందని కారు తెచ్చాడు. జాకీ మీద లేపి చక్రం తిప్పబోతే రెండు చేతులా బలం పెడితే గానీ కదల్లేదు. రిమ్ము మీద చేయి పెట్టలేనంత వేడి. కాలిపర్ కొత్తది, పిన్నులు బాగానే జారుతున్నాయి, హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులుగానే ఉంది. పైపుల్లోని గాలి బయటికి తీసే బ్లీడర్ స్క్రూను పావు చుట్టు వదులు చేశాం. ఎవరూ పెడల్ తొక్కకుండానే ఆయిల్ చివ్వున చిమ్మింది, ఆ వెంటనే చక్రం ఒక్క వేలితో తిరిగింది. పైపులో ఒత్తిడి ఎక్కడో చిక్కుకుపోయి ఉందన్నమాట. పెడల్ తొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ నుంచి వెనకకు వెళ్లే పైపు విప్పి, ఆ రంధ్రంలోని ఇత్తడి సీటు బయటికి లాగితే, దాని వెనక చిటికెన వేలి గోరంత రబ్బరు వాల్వు, ఒక చిన్న స్ప్రింగు బయటపడ్డాయి.

ఆ వాల్వు అక్కడ ఉండటం పొరపాటు కాదు. డ్రమ్ములున్న పాత కార్లలో పెడల్ వదిలాక కూడా పైపులో సుమారు 10 పీఎస్ఐ ఒత్తిడి నిలిపి ఉంచడం దాని పని. ఆ కాస్త ఒత్తిడి వల్ల వీల్ సిలిండర్ రబ్బర్లు గోడకు అంటిపెట్టుకుని ఉంటాయి, గాలి లోపలికి రాదు. డ్రమ్ములో గట్టి స్ప్రింగులు షూలను వెనక్కి లాగుతాయి కాబట్టి ఆ ఒత్తిడి వల్ల నష్టం లేదు. కాలిపర్‌లో వెనక్కి లాగే స్ప్రింగే లేదు. పిస్టన్ చుట్టూ ఉన్న రబ్బరు సీలు మెలికపడి మళ్లీ సర్దుకోవడంతోనే పిస్టన్ వెంట్రుకవాసి వెనక్కి వస్తుంది. ఆ కొంచాన్ని 10 పీఎస్ఐ రానివ్వదు. ప్యాడ్లు ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటాయి. తర్వాత వచ్చిన చాలా కార్లలో ఈ వాల్వు లేదు, కానీ పాత కారు అయితే వెతికి చూడాల్సిందే. మాస్టర్ సిలిండర్ నేల కింద, కాలిపర్ల కంటే కిందిగా ఉన్న కార్లలో మాత్రం ఆయిల్ వెనక్కి జారిపోకుండా 2 పీఎస్ఐ వాల్వు పెడతారు. అది వేరు, డిస్కులకు అది సరిపోతుంది.

తర్వాతిది ప్రపోర్షనింగ్ వాల్వు. ఇందాక చెప్పుకున్నట్టు గట్టిగా తొక్కేకొద్దీ వెనక వాటా తగ్గాలి. ఈ వాల్వు ఒక స్థాయి దాకా ముందుకూ వెనకకూ ఒకే ఒత్తిడిని పంపి, ఆపైన వెనకకు వెళ్లే ఒత్తిడి పెరుగుదలను తగ్గించేస్తుంది. ఏ స్థాయిలో తగ్గించాలి, ఎంత తగ్గించాలి అన్నది ఆ కారు డ్రమ్ములను బట్టి పెట్టినది. డిస్క్ వచ్చాక ఆ లెక్క సరిపోవచ్చు, సరిపోకపోవచ్చు. అందుకే చాలామంది మరతో తిప్పుకునే వాల్వు వేసుకుంటారు. మంచిదే, కానీ మూడు విషయాలు మరిచిపోతుంటారు. ఈ వాల్వు వెనక ఒత్తిడిని తగ్గించగలదు గానీ పెంచలేదు. చిన్న కాలిపర్ వల్ల వెనక బ్రేకు మరీ బలహీనమైతే దీంతో సరికాదు. పాతదాన్ని అలాగే ఉంచి దాని తర్వాత ఇంకోటి పెడితే రెండూ కలిసి ఒత్తిడిని ఎలా కోస్తాయో ఊహించడం కష్టం, పాతది తీసేయాలి. మూడోది అన్నిటికంటే పెద్దది. చాలా ఫ్రంట్ వీల్ డ్రైవ్ కార్లలో బ్రేకు సర్క్యూట్ ఐమూలగా ఉంటుంది. కుడి ముందు చక్రం, ఎడమ వెనక చక్రం ఒక సర్క్యూట్. ఎడమ ముందు, కుడి వెనక ఇంకో సర్క్యూట్. ఒకటి పగిలినా ఇంకోటి కారును ఆపాలని ఇలా పెట్టారు. ఇలాంటి కారులో వెనక రెండు పైపులనూ కలిపి ఒకే వాల్వు గుండా పంపితే ఆ రక్షణ మొత్తం పోతుంది. ఒక్క చోట లీకైతే రెండు సర్క్యూట్లూ ఖాళీ అవుతాయి. ఐమూల సర్క్యూట్ ఉన్న కారుకు జంట వాల్వు కావాలి, లేదా పని మొదలుపెట్టకపోవడం మంచిది.

కొన్ని హ్యాచ్‌బ్యాకుల్లో, పికప్‌లలో వెనక యాక్సిల్ దగ్గర ఒక లీవరుతో పనిచేసే వాల్వు ఉంటుంది. వెనక ఎంత బరువుందో సస్పెన్షన్ ఎంత దిగిందన్న దాన్ని బట్టి తెలుసుకుని ఒత్తిడిని సర్దుతుంది. దాన్ని అనవసరం అనుకుని తీసేసేవాళ్లున్నారు. ఖాళీ బండికీ నిండు బండికీ తేడా ఎక్కువున్న వాహనంలో అది ఎంతో తెలివైన ఏర్పాటు, దాన్ని కాపాడుకోవాలి.

మాస్టర్ సిలిండర్ తప్పకుండా మార్చాల్సిందేనని కొందరంటారు. అన్నిసార్లూ అక్కర్లేదు. షూలు ఎక్కువ దూరం కదలాలి, ప్యాడ్లు కొంచెమే కదులుతాయి, కాబట్టి ఒక్క తొక్కుకు కావాల్సిన ఆయిల్ రెండింటికీ దగ్గర దగ్గరగానే ఉండవచ్చు. ఆలోచించాల్సింది పైనున్న ఆయిల్ డబ్బా గురించి. డ్రమ్ములో అరుగుదలను అడ్జస్టరు సర్దుతుంది, ఆయిల్ మట్టం పెద్దగా దిగదు. కాలిపర్‌లో ప్యాడ్ అరిగేకొద్దీ పిస్టన్ బయటికి వస్తూ, ఆ ఖాళీని ఆయిల్‌తో నింపుకుంటుంది. 36 మి.మీ. పిస్టన్ 8 మి.మీ. బయటికొస్తే ఒక్కో చక్రానికి 8 మిల్లీలీటర్లకు పైనే. డబ్బాలో వెనక సర్క్యూట్ గది చిన్నదైతే, ఎక్కడా లీకు లేకుండానే అది ఖాళీ అయ్యే ప్రమాదం ఉంది.

హ్యాండ్ బ్రేక్

హడావిడిగా చేసిన మార్పిడిలో ముందుగా ఫిర్యాదు వచ్చేది దీని మీదే. డ్రమ్ము తనంతట తానే బిగుసుకుంటుంది కాబట్టి కేబుల్‌తో కాస్త లాగినా బండి కదలదు. డిస్క్‌కి ఆ గుణం లేదన్నాం కదా, కాబట్టి కేబుల్ బలాన్ని పిస్టన్ లోపలి స్క్రూతోనో, గోళీల ఏర్పాటుతోనో పెంచాలి. ఇలాంటి కాలిపర్‌కి మీ పాత లీవరు, పాత కేబుల్ సరిపడా దూరం లాగుతాయో లేదో కొలిచి చూడాలి. కేబుల్ తగిలించే ముందే పిస్టన్‌ని ప్యాడ్ల దాకా తెచ్చి సర్దుకోవాలి. లేదంటే లోపలి అడ్జస్టరు పనిచేయక పెడల్ సగం దాకా ఊరికే దిగుతుంది. అప్పుడు ఎయిర్ ఉందనుకుని పదిసార్లు బ్లీడింగ్ చేసినా గుణం కనిపించదు. ప్యాడ్లు మార్చేటప్పుడు ఈ పిస్టన్లను చాలావరకు నెట్టకూడదు, తిప్పుతూ లోపలికి పంపాలి.

డిస్క్ మధ్యలోని గిన్నె లాంటి భాగంలో చిన్న డ్రమ్ము దాచి, దాన్ని హ్యాండ్ బ్రేక్‌కి మాత్రమే వాడే పద్ధతి కూడా ఉంది. నా దృష్టిలో అన్నిటికంటే నమ్మకమైనది అదే. కాలిపర్‌తో పట్టే హ్యాండ్ బ్రేక్‌లో ఇంకో చిక్కుంది. వేడి డిస్క్‌తో బండి ఆపి బ్రేకు వేసి వెళ్తే, చల్లారేకొద్దీ డిస్క్ కుంచించుకుని పట్టు సడలుతుంది. వాలులో ఆపినప్పుడు గేరులో పెట్టడం, చక్రం పక్కకు తిప్పి ఉంచడం అలవాటు చేసుకోండి. 13-హెచ్ నిబంధన ప్రకారం పార్కింగ్ బ్రేకు నిండు బండిని 20 శాతం వాలులో పైకైనా కిందికైనా కదలకుండా ఆపాలి. ఇంట్లో చేసిన మార్పిడిని కూడా ఈ కొలతతోనే పరీక్షించుకోవడం న్యాయం.

చక్రం దగ్గర

బిగించే పనిలో ఎక్కువగా దెబ్బతీసేవి చిన్న కొలతలు. డిస్క్ గిన్నె మందం డ్రమ్ము కంటే ఎక్కువైతే చక్రం అంతమేర బయటికి జరుగుతుంది, టైరు ఫెండర్‌కి తగులుతుంది. 13 అంగుళాల రిమ్ములో కాలిపర్ పట్టకపోవచ్చు. డిస్క్ మధ్య రంధ్రం హబ్ మీద సరిగ్గా కూర్చోవాలి, బోల్టుల మీద వేలాడకూడదు. వెనక యాక్సిల్ షాఫ్టుకు లోపలికీ బయటికీ కదిలే ఆట ఉన్న కార్లలో, మలుపు తిరిగినప్పుడల్లా డిస్క్ పక్కకు కదిలి ప్యాడ్లను వెనక్కి నెట్టేస్తుంది. తర్వాతి తొక్కులో పెడల్ సగం దాకా దిగిపోయి గుండె ఆగినంత పనవుతుంది. ఇలాంటి యాక్సిల్‌కి ఇటూ అటూ జరిగే ఫ్లోటింగ్ కాలిపరే సరైనది, స్థిరంగా ఉండే కాలిపర్ కాదు. బేరింగులు ముందుగా చూసుకోవాలి.

ఏబీఎస్ ఉన్న కారైతే సెన్సర్ చదివే పళ్ల చక్రం డ్రమ్ముతో పాటు పోతుందేమో చూడాలి. దాని కంప్యూటర్ వెనక బ్రేకు ఎలా స్పందిస్తుందో ముందే లెక్కగట్టుకుని ఉంటుంది, కాబట్టి అలాంటి కారును ముట్టుకోవద్దనే నా సలహా. రబ్బరు గొట్టం సస్పెన్షన్ పూర్తిగా దిగినప్పుడు లాగకుండా, పూర్తిగా లేచినప్పుడు టైరుకు తగలకుండా ఉండాలి. కాలిపర్లు కుడి ఎడమలు తారుమారైతే బ్లీడర్ స్క్రూ అడుగుకు వస్తుంది, పైన చేరిన గాలి ఎన్నాళ్లు తీసినా పోదు. స్క్రూ పైకి ఉండాలి, అంతే.

ఆయిల్ విషయానికొస్తే డాట్ 3 అయితే కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు, డాట్ 4 అయితే 230 దాకా. తేమ పీల్చుకున్నాక ఆ హద్దులు 140కి, 155కి పడిపోతాయి. పైపులు ఎలాగూ విప్పుతారు కాబట్టి ఆయిల్ మొత్తం మార్చేయండి. సిలికాన్‌తో చేసిన డాట్ 5ను మిగతావాటితో కలపకూడదు.

ఎలా చేయించుకోవాలి, అసలు చేయించుకోవాలా

మీ కారు మోడల్‌లోనే పెద్ద ఇంజినున్న వేరియంట్ వెనక డిస్కులతో వచ్చి ఉంటే అదృష్టమే. దాని హబ్బులు, కాలిపర్లు, మాస్టర్ సిలిండర్, ప్రపోర్షనింగ్ వాల్వు, హ్యాండ్ బ్రేక్ కేబుళ్లు అన్నీ కలిపి తెచ్చుకోండి. ఆ కారు ముందు బ్రేకులు మీ వాటి కంటే పెద్దవైతే అవి కూడా తీసుకోవాలి. ముందువి వదిలి వెనకవి మాత్రమే తెచ్చుకుంటే పంపకం మళ్లీ వెనకకు మొగ్గుతుంది. అలాంటి వేరియంట్ లేనప్పుడే విడి కిట్ల జోలికి వెళ్లండి, పైన చెప్పిన లెక్కలతో. మీరుండే చోట ఇలాంటి మార్పుకు అనుమతి అవసరమేమో, ఇన్సూరెన్స్‌కి చెప్పాలేమో కూడా ముందే కనుక్కోండి. ప్రమాదం జరిగాక తెలుసుకుంటే ఆలస్యమైపోతుంది.

ఊళ్లో రోజూ తిరిగే తేలికపాటి కారు అయితే, డ్రమ్మును బాగు చేయించుకోవడమే నేను చెబుతాను. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం ఎంతో సాధారణంగా అచ్చు వేసి ఉంటుంది. అరుగుదల ఆ లోపే ఉంటే లేత్ మీద టర్నింగ్ చేయించి, కొత్త షూలు, కొత్త వీల్ సిలిండర్లు, కొత్త స్ప్రింగులు వేయించండి. అడ్జస్టరు మరను శుభ్రం చేసి, వేడికి తట్టుకునే గ్రీజు కాస్త రాయించండి. పెడల్ మారిపోయినట్టు అనిపిస్తుంది. మిగిలిన డబ్బుతో ముందుకు మంచి ప్యాడ్లు, డిస్కులు కొనండి, బ్రేకింగ్‌లో ఎక్కువ పని చేసేది అక్కడే. డ్రమ్ము పాతకాలపు వస్తువు అన్న చిన్నచూపు వద్దు. ఫోక్స్‌వ్యాగన్ ఐడీ.3, ఐడీ.4 వంటి ఎలక్ట్రిక్ కార్లు వెనక డ్రమ్ములతోనే వచ్చాయి. మోటారే చాలావరకు బ్రేకు పని చేసేస్తుంది కాబట్టి, వాడకం తక్కువైన డిస్కులు తుప్పు పట్టే కంటే మూసి ఉన్న డ్రమ్మే నయమన్న లెక్క అది.

కొండ దారులు, బరువు, వేగం మీ రోజువారీ అవసరాలైతే మార్పిడి చేయించండి. పని అయ్యాక ప్యాడ్లను కుదురుకోనివ్వండి. మధ్యస్థ వేగం నుంచి పూర్తిగా ఆపకుండా, మెల్లగా పలుమార్లు బ్రేకు వేస్తూ, మధ్యలో చల్లారనిస్తూ నడపాలి. తర్వాత పరీక్షకు ఎవరూ లేని, వెడల్పాటి, తిన్నని చోటు వెతుక్కోండి. తోడుగా ఒకరిని పక్కన దూరంగా నిలబెట్టి, మొదట 30 వేగంతో, ఆపైన 50తో గట్టిగా తొక్కండి. ఏ చక్రాలు ముందు ఆగిపోయాయో బయట నిలబడ్డవాళ్లకు స్పష్టంగా కనిపిస్తుంది. వెనకవి ముందు లాక్ అయితే వాల్వు మరను ఒత్తిడి తగ్గే వైపు తిప్పి మళ్లీ చేయండి. పొడి నేల మీద కుదిరాక తడి నేల మీద ఇంకోసారి, తర్వాత వెనక సీట్లో మనుషులు కూర్చున్నప్పుడు మరోసారి. కుదిరిన చోట మర మీద రంగుతో గుర్తు పెట్టి, లాక్ నట్టు బిగించండి. మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక చక్రాలు విప్పి నాలుగు ప్యాడ్ల మందం కొలవండి. ఒకటి మిగతావాటి కంటే ఎక్కువ అరిగి ఉంటే, ఆ పక్క పిన్నో కేబులో పట్టేసి ఉంది, దాన్ని సరిచేశాకే దూర ప్రయాణం పెట్టుకోండి.